మురుగు పైపులో వేళ్లు: కోస్తే తీరే బాధేనా?

మా అమ్మవాళ్ల ఇల్లు కట్టి నలభై ఏళ్లు దాటింది. పెరట్లో వేపచెట్టు ఉంది. దాని పక్కగా బాత్రూము పైపు వీధి చాంబర్ దాకా వెళ్తుంది. ఏటా తొలకరి పడ్డాక ఏదో ఒక రోజు లెట్రిన్‌లో పోసిన నీళ్లు దిగడం మానేసేవి. ప్లంబర్ వచ్చి వెదురు బద్ద దోపేవాడు, డబ్బులు తీసుకుని వెళ్లేవాడు. ఒకసారి బద్ద చివర చుట్టుకుని ఒక ముద్ద బయటికి వచ్చింది. ఆడవాళ్లు జడకు కలుపుకునే సవరంలా మూరెడు పొడవుంది. అంతా వెంట్రుకల్లాంటి వేళ్లే, వాటి మధ్య జిడ్డు, గుడ్డ పీలికలు. “చెట్టు కొట్టించెయ్యండమ్మా, పీడ వదులుతుంది” అన్నాడతను. మరుసటి ఏడు వచ్చిన పెద్ద మేస్త్రీ చెట్టు జోలికి పోలేదు. గుంత తవ్వించి పైపు అతుకు చూపించాడు. “చెట్టుదేముందమ్మా, అతుకు ఊడింది. తడి కారే చోటికి వేరు రాక ఎక్కడికి పోతుంది?”

ఆయన ఒక్క మాటలో చెప్పినదే మురుగు పైపుల మీద జరిగిన అధ్యయనాలూ చెబుతున్నాయి. మన ఇళ్లలో మాత్రం ఇప్పటికీ మొదటి ప్లంబర్ మాటే చెల్లుతోంది. చెట్టు పోతోంది, పైపు అలాగే కారుతోంది.

వేరుకు గట్టి పైపును తొలిచే శక్తి లేదు. నిండుగా, సందు లేకుండా ఉన్న గొట్టం తగిలితే పక్కకు తిరిగి దాన్ని ఆనుకుని పోతుంది. కానీ మురుగు పైపు చుట్టూ వేరుకు నచ్చే పరిస్థితులు ఉంటాయి. లోపల పారేది గోరువెచ్చటి నీరు, దాని ఆవిరి సందుల్లోంచి చల్లటి మట్టిలోకి పోయి పైపు చుట్టూ తేమ చేరుతుంది. పైపు వేయడానికి తవ్వి పూడ్చిన మట్టి చుట్టుపక్కల నేలంత గట్టిపడదు, ఆ గుల్ల మట్టి వెంబడి వేరు సులువుగా సాగుతుంది. అతుకు దగ్గర తల వెంట్రుకంత సందు దొరికితే చాలు, దారపు పోగులాంటి కొస దూరుతుంది. లోపల నీరు, నత్రజని, భాస్వరం ఉంటాయి. పైపు ఎప్పుడూ నిండుగా పారదు కనుక పై సగంలో గాలి కూడా ఉంటుంది. మొక్కకు ఇంతకన్నా ఏం కావాలి? లోపల వేళ్లు గుబురుగా అల్లుకుంటాయి. సందులో ఇరుక్కున్న భాగం ఏడాదికేడాది లావెక్కి అతుకును ఇంకా విప్పుతుంది. వేరు పైపును పగలగొట్టిందని మనం అనేది ఈ రెండో దశను చూసి. మొదటి దశలో సందు ఇచ్చింది పైపే.

లోపల వేరు పెరిగే తీరు కూడా నీటి పారుదలను బట్టి మారుతుంది. ఎప్పుడూ నీరు పారే వీధి పైపుల్లో పై అంచు నుంచి తెరలా దిగి, నీటి మట్టాన్ని తాకే దగ్గర ఆగుతుంది. ఇంటి పైపులో నీరు ఉండుండి పారుతుంది. అక్కడ వేరు పారే దిక్కుకే తోకలా సాగి గొట్టం నిండా పట్టేస్తుంది. మాకు దొరికిన సవరం అలాంటిదే. దానికి వంటింటి జిడ్డు, జుట్టు, పారేయకూడని తడి తుడుపు గుడ్డలు తగులుకుంటే పైపు పూర్తిగా మూసుకుంటుంది.

మన ఊళ్లలో పాత ఇళ్లకు ఈ బాధ ఎక్కువగా రావడానికి లెక్క ఉంది. పీవీసీ వచ్చేదాకా వాడినవి ఎక్కువగా స్టోన్‌వేర్ పైపులు, అంటే కాల్చిన మట్టి మీద ఉప్పు మెరుగు పట్టించిన గోధుమరంగు గొట్టాలు. గొట్టం పదార్థం మంచిదే, మురుగు దాన్ని తినదు. కాకపోతే ఒక్కో ముక్క పొడవు 60 నుంచి 90 సెంటీమీటర్లే. 30 మీటర్ల దూరానికి 60 సెంటీమీటర్ల ముక్కలు వేస్తే 50 ముక్కలు, దాదాపు 50 అతుకులు. ఒక్కో అతుకులో జనపనార దోపి సిమెంటు మెత్తేవారు. నేల కాస్త కుంగినా ఆ సిమెంటు వంగదు, చిట్లుతుంది. అదే 30 మీటర్లకు 6 మీటర్ల పీవీసీ పైపులు ఐదు చాలు. కృష్ణా, గుంటూరు జిల్లాల నల్లరేగడి నేల ఎండాకాలం బీటలు వారి, వానాకాలం ఉబ్బి ఏటా కదులుతూ ఉంటుంది. అలాంటి నేలలో సిమెంటు అతుకు నలభై ఏళ్లు నిలవాలని ఆశించడం అన్యాయం.

హైదరాబాద్ పాత భాగాల్లో కథ ఇంకా వెనక్కి పోతుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద ముంచెత్తాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరద నివారణతో పాటు నగరపు మురుగు పారుదల ఆలోచనా అప్పుడే మొదలైంది. 1930ల నాటికి పైపులు పడ్డాయి. నగరం చాలా రెట్లు పెరిగినా పాత వీధుల్లో పాత గొట్టాలు ఇంకా మోస్తూనే ఉన్నాయి. పెద్ద చెట్ల నీడ ఉన్నదీ ఆ పాత వీధుల్లోనే.

ఈ విషయం మీద పరిశోధకులు రాసినవాటిలో రాండ్రప్, మెక్‌ఫర్సన్, కాస్టెల్లో 2001లో ప్రచురించిన సమీక్ష ముఖ్యమైనది. మురుగు పైపులు పూడుకుపోయిన ఘటనల్లో సగానికి పైగా వేళ్ల వల్లేనన్న నివేదికలను వాళ్లు ఉటంకించారు. పాత అతుకులు, తక్కువ లోతు, చిన్న గొట్టం, వేగంగా పెరిగే చెట్టు కలిస్తే ముప్పు పెరుగుతుందని తేల్చారు. పాత ఇంటి పైపు దగ్గర తరచూ ఈ నాలుగూ ఉంటాయి. ఇక పీవీసీ వేశాం, నిశ్చింత అనుకునేవారికి 2006లో స్వీడన్ పరిశోధకులు చేదు కబురు చెప్పారు. కొత్తకాలపు పీవీసీ, కాంక్రీటు పైపుల్లోకి కూడా వేళ్లు చొరబడుతున్నాయి. కారణం మళ్లీ అతుకే. రబ్బరు రింగు మెలిపడినా, జిగురు సరిగా పట్టకపోయినా, పైపు కింద పరుపు లేక కుంగినా సందు పడుతుంది. అతుకులు తగ్గితే ముప్పు తగ్గుతుంది. ఉన్న అతుకు చెడిపోతే మాత్రం పైపు కొత్తదైనా ఒకటే.

ఇక తీయడం. మన దగ్గర మొదటి ఆయుధం ఇప్పటికీ వెదురు బద్దే. అది అడ్డంలో ఒక రంధ్రం చేస్తుంది, నీరు దిగుతుంది, వేరు ఉన్నచోటే ఉంటుంది. అందుకే మూడు నెలలకు మళ్లీ పిలుపు. దానికన్నా నయం తిరిగే ఉక్కు తీగ. 1933లో అమెరికాలోని డెమోయిన్ నగరంలో శామ్యూల్ బ్లాంక్ అనే ఆయన, కొడుకు ఇంటి పైపులో వేళ్లు పట్టి మూసుకుపోతే విసిగిపోయి ఒక యంత్రం తయారుచేశాడు. బట్టలుతికే యంత్రపు మోటారు, స్కేట్ల చక్రాలు, అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల మందం ఉక్కు తీగ, చివర బ్లేడ్లు. ఆయన భార్య దానికి రోటో రూటర్ అని పేరు పెట్టింది. ఇవాళ మన ప్లంబర్లు స్ప్రింగ్ మెషిన్ అని తెచ్చేది దాని సంతతే. దీన్ని వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు పాటించాలి. బ్లేడు చిన్నదానితో మొదలుపెట్టి పైపు లోపలి కొలతకు దగ్గరగా ఉన్నదాని దాకా మార్చుతూ పోవాలి. కింది చాంబర్‌లో జల్లెడ పెట్టి తెగిన వేళ్లను పట్టి తీసెయ్యాలి, లేకపోతే అవి వీధి పైపులో అడ్డం పడతాయి.

ఒత్తిడితో నీరు చిమ్మే జెట్టింగ్ దీనికన్నా శుభ్రంగా చేస్తుంది. గొట్టం చివరి ముక్కులోంచి నీరు వెనక్కి చిమ్ముతుంటే ఆ తోపుకే గొట్టం ముందుకు పోతుంది, గోడలకు పట్టిన జిడ్డు, సన్న వేళ్లు కొట్టుకొస్తాయి. అప్పటికే చిట్లిన సిమెంటు అతుకు మీద ఆ ధార పెడితే మిగిలిన సిమెంటూ ఊడుతుంది, కాబట్టి పాత పైపుకు ఒత్తిడి తగ్గించమని అడగాలి. పెద్ద జెట్టింగ్ లారీలు మన గల్లీల్లో పట్టవు. హైదరాబాద్ జలమండలి 2017లో దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను రోడ్డెక్కించింది. ఇరుకు సందుల్లో యంత్రం దూరుతుందని, అంతకుముందు మురుగులో దిగిన కుటుంబాలవారే ఆ యంత్రాలకు యజమానులు కావచ్చని ఆ పని చూపింది. ఈ రంగంలో నాకు తృప్తినిచ్చిన పని అది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. బద్దకు లొంగని అడ్డం తగిలినప్పుడు మన వీధుల్లో జరిగేది అందరికీ తెలుసు. మనిషిని దించుతారు. 2015 నవంబరులో కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు ఆంధ్రా కూలీలు ఊపిరాడక పోయారు. వాళ్లను కాపాడబోయిన స్థానిక ఆటో డ్రైవరూ పోయాడు. లోపల చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పట్టే శక్తే కోల్పోతుంది, కాబట్టి వాసన పోయింది, గాలి బాగైందనుకోవడం ప్రాణాంతకం. 2013 చట్టం సెప్టిక్ ట్యాంకు, మురుగు కాలువల్లో రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని నిషేధించింది. మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ నిషేధం ఇంటి యజమానికీ వర్తిస్తుంది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మురుగులో చనిపోయినవారి కుటుంబానికి పరిహారం 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. కోలార్ బంగారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టి ఈ పనికి స్వస్తి పలకాలని జీవితమంతా పోరాడుతున్న బెజవాడ విల్సన్ చెబుతున్నది ఒకటే: ఈ చావులను ప్రమాదాలనకండి. వేరు తీయడానికి మనిషి దిగాల్సిన అవసరం ఏ ఇంట్లోనూ లేదు. మురుగు పూడికలకు 14420 జాతీయ సహాయ నంబరు, హైదరాబాద్‌లో జలమండలి నంబరు 155313 ఉన్నాయి.

మందుల సంగతి. రైతులకు మైలుతుత్తం తెలుసు, బోర్డో మిశ్రమంలో వేసేదే. అమెరికాలో దీన్ని వేళ్లు చంపడానికి మరుగుదొడ్లలో పోసే అలవాటు చాలాకాలం ఉంది. తాకిన వేరును చంపుతుంది, నిజమే. కానీ అది నీటితో పాటు పైపు అడుగున జారిపోతుంది, వేరేమో పైనుంచి వేలాడుతుంది. రాగి విచ్ఛిన్నమై పోయే పదార్థం కాదు. సెప్టిక్ ట్యాంకులో మలాన్ని జీర్ణం చేసే సూక్ష్మజీవుల మీద దెబ్బ పడుతుంది, చివరికి చెరువుకు చేరితే చేపలకు విషం. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ ఉన్న కౌంటీల్లో ఈ వాడకాన్ని అందుకే నిషేధించారు. పైపు నిండా నురుగు పట్టించి వేళ్ల పెరుగుదలను ఆపే డైక్లోబెనిల్ వంటి మందులు మేలైనవే, అవి పై అంచుకూ అందుతాయి. కానీ అవి శిక్షణ ఉన్నవాళ్లు వాడాల్సినవి, సందును మూసేవి కూడా కావు. మన ఇళ్లలో ఎక్కువగా పోసేది యాసిడ్. వేరును కాల్చేలోపు అది సిమెంటు అతుకును తింటుంది. యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ పౌడర్ వేస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. కిటికీ లేని బాత్రూములో అది ఊపిరితిత్తులకు ముప్పు. మరిగే నీళ్లు పోస్తే పీవీసీ మెత్తబడుతుంది. ఉప్పు బస్తా పోస్తే నేల చెడుతుంది. ఇంటివాళ్లు సొంతంగా వాడదగిన మందు ఏదీ లేదన్నది నా అభిప్రాయం.

పైగా ఏ పద్ధతిలో కోసినా వేరు మళ్లీ వస్తుంది. కొమ్మ కత్తిరిస్తే చిగుళ్లు గుబురుగా వచ్చినట్టే ఇదీ. సందు మూయనంత కాలం కోత అనేది వాయిదా మాత్రమే. మూయడానికి ఉన్న దారుల్లో గొప్పది 1971లో లండన్‌లోని హాక్నీలో ఎరిక్ వుడ్ చేసి చూపించాడు. రెసిన్‌లో తడిపిన సంచిని పాత ఇటుక కాలువలోకి పంపి, ఉబ్బించి, లోపలే గట్టిపడేలా చేశాడు. నేల తవ్వకుండా పాత గొట్టంలో అతుకు లేని కొత్త గొట్టం తయారైంది. ఢిల్లీ వంటి నగరాల్లో పెద్ద మురుగు కాలువలను ఈ తరహాలో బాగుచేశారు. మన పెరటి నాలుగంగుళాల పైపుకు మాత్రం తవ్వడమే చవక. ఇంటి పైపు సాధారణంగా రెండు మూడు అడుగుల లోతులోనే ఉంటుంది. ముందు చిన్న కెమెరా లోపలికి పంపి ఏ అతుకు దగ్గర వేరు ఉందో చూస్తే ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది. నగరాల్లో కొందరు ప్లంబర్ల దగ్గర ఈ కెమెరాలు ఇప్పుడు ఉంటున్నాయి. కెమెరా లేకపోయినా గుర్తుపట్టొచ్చు. ఒక్క సింకే నెమ్మదిగా దిగితే అడ్డం ఆ ట్రాపులో ఉంది. కింది బాత్రూము ముందుగా పొంగి, పైన బకెట్ పోస్తే కింద గుడగుడమంటే అడ్డం మెయిన్ పైపులో ఉంది. చాంబర్ మూత తీసి చూడండి: ఇంటివైపు చాంబర్ నిండి, తరువాతిది ఖాళీగా ఉంటే ఆ రెంటి మధ్యే తవ్వాలి.

చెడ్డ అతుకులు ఒకటి రెండైతే అంతమేరకు మార్చండి. నాలుగైదు దాటితే ఆ వరస మొత్తం తీసి పీవీసీ వెయ్యడం మేలు, అదీ మట్టిలో పూడ్చడానికి తగిన రకం, గోడకు కొట్టే పల్చటిది కాదు. కింద ఇసుక పరుపు, నాలుగంగుళాల పైపుకు 40 అడుగులకు అడుగు వాటం, ఆరంగుళాలదానికి 60 అడుగులకు అడుగు. వాటం తక్కువైతే మురుగు నిలిచి వేరుకు మేత అవుతుంది. చెట్టుకు మరీ దగ్గరగా పోయే చోట అతుకే లేకుండా ఒకే నిండు పైపు వచ్చేలా చూసుకోవాలి, చుట్టూ కాంక్రీటు పోస్తే ఇంకా మంచిది. మలుపు ఉన్న ప్రతిచోటా చాంబర్ కట్టించండి. చాంబర్ గోడ పూత ఊడితే ఇటుకల సందుల్లోంచీ వేళ్లు వస్తాయి. చాలామంది పైపును అనుమానిస్తూ చాంబర్‌ను మరిచిపోతారు.

చెట్ల విషయంలో నేను ముందునుంచీ చెబుతున్నదానికి హద్దులున్నాయి. అన్ని చెట్లూ ఒకటి కావు. రావి, మర్రి, జువ్వి, మేడి ఒక కుటుంబం, వాటి వేళ్లకు సందు వెతకడం పుట్టుకతో వచ్చిన విద్య. పిట్టలు వేసిన గింజ బాత్రూము గోడ మీది పైపు అతుకులో మొలవడం మనకు తెలిసిన దృశ్యమే. రావి మొక్క కదా అని చెయ్యి వేయడానికి జంకుతాం. రెండాకుల దశలోనే తీసి వేరేచోట, గుడి దగ్గర నాటితే దోషమూ ఉండదు, గోడా మిగులుతుంది. కొబ్బరి వేరు దూరినా వేలెడు మందానికి మించి లావెక్కదు. ఏకదళ బీజపు చెట్టు కాబట్టి అతుకును విప్పే బలం దానికి తక్కువ. వేప, తురాయి, నిద్రగన్నేరు మధ్యస్థం అనుకోవచ్చు, కానీ నీరు కారుతుంటే ఏదీ మధ్యస్థం కాదు. స్వీడన్‌లో పైపుల లోపలి దృశ్యాలను పైనున్న మొక్కలతో సరిపోల్చి 2012లో ప్రచురించిన అధ్యయనంలో ఎవరూ అనుమానించని మొక్కలు, పొదలు కూడా పట్టుబడ్డాయి.

ఈ మధ్య వార్తల్లో నిలిచింది కోనోకార్పస్. హరితహారం రోజుల్లో రోడ్ల మధ్య డివైడర్ల మీద విరివిగా నాటారు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనవాళ్లకు దమాస్ పేరుతో తెలుసు. అక్కడ ప్రహరీల వెంట పచ్చటి గోడలా పెంచిన ఆ చెట్టే భూమిలోని పైపుల మీద పడి తలనొప్పి తెచ్చింది. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం ఆపేసింది. కొత్తగా నాటవద్దనడం సబబే. ఉన్నవాటన్నిటినీ ఒక్కసారిగా నరికేయాలన్న హడావుడి మాత్రం నాకు నచ్చదు. పైపు పక్కనున్నవాటిని తీసి, మిగతావాటిని ఉండనివ్వాలి. ఇంటి పెద్ద చెట్టు కొట్టాలన్నా 2002 వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలన్నది చాలామంది మరిచిపోయే విషయం.

పెద్ద చెట్టుకూ మురుగు పైపుకూ ఆరేడు మీటర్లు ఎడం ఉండాలని చెప్పడం తేలిక. 200 గజాల స్థలంలో ఇల్లు కట్టాక పైపు తగలని మూల ఎక్కడుంది? అలాంటి చోట కరివేపాకు, మందారం, నందివర్ధనం, పారిజాతం, నిమ్మ చాలు. పెద్ద చెట్టే కావాలనుకుంటే దానికీ పైపుకూ మధ్య మీటరు లోతు కందకం తీసి మందమైన ప్లాస్టిక్ షీటు నిలువుగా దించి పూడ్చాలి. వేళ్లు ఎక్కువగా పైమీటరు మట్టిలోనే తిరుగుతాయి కనుక ఇది చాలావరకు పనిచేస్తుంది.

ఇంతకూ వేరును నేను వెనకేసుకొస్తున్నదెందుకంటే, అది మనకు కనబడని ఇంకో పెద్ద సంగతి చెబుతోంది. వేరు లోపలికి దూరిన సందులోంచే మురుగు బయటికి కారుతుంది. 200 గజాల ఇంట్లో ఆ పైపుకు పది అడుగుల లోపే సంపు ఉంటుంది, నల్లా పైపూ ఉంటుంది. మన ఊళ్లలో నల్లా రోజుకో గంటే, కొన్నిచోట్ల రెండు మూడు రోజులకొకసారి వస్తుంది. నీళ్లు రాని వేళ ఆ పైపులో ఒత్తిడి ఉండదు, చుట్టుపక్కల తడి సందుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. టైఫాయిడ్, కామెర్లు ఆ దారిన ఇంట్లోకి వస్తాయి. అందుకే బద్దకు వేరు తగిలిన ఇంట్లో మొదట చేయాల్సింది సంపు నీళ్లు పరీక్ష చేయించడం. చెట్టు కొట్టేస్తే ఆ వేరు చచ్చి కుళ్లుతుంది, సందు ఇంకా వెడల్పవుతుంది, మురుగు ఇంకా కారుతుంది. చెప్పడానికి ఇక ఏ సాక్షీ మిగలదు.

ఇప్పుడు ఇల్లు కట్టుకుంటున్నవారికి నా విన్నపం. పైపులు వేసిన రోజే మట్టి కప్పనివ్వకండి. కింది చివర బిరడా బిగించి, పై చాంబర్ దాకా నీళ్లు నింపించి, మట్టం దగ్గర గీత పెట్టించండి. రాత్రంతా ఉంచి పొద్దున్నే వెళ్లి చూడండి. గీత దగ్గర నీరు నిలిచి ఉంటేనే పూడ్చమనండి. దిగితే ఏ అతుకు తడిగా ఉందో వెతికి సరిచేయించి, మళ్లీ నింపించండి. మేస్త్రీకి ఒక రోజు కూలీ ఎక్కువ ఇవ్వాల్సి వచ్చినా సరే, ఆ పని మీరు నిలబడి చేయించండి.